దుప్పటి కప్పిన గాజు మేడ

ఒక గాజు మేడని పట్టపగలు, నడిరోడ్డు మీద, రెండొందల మంది ఎదుట, మా మామగారి సమక్షంలో ఒంటిచేత్తో కూల్చిన ఘనుణ్ణి నేను. ప్రాణనష్టం లేదు. ఆస్తినష్టం సంగతి కాసేపట్లో చెబుతాను. పరువునష్టం మాత్రం ఇప్పటికీ అంచనాకి అందలేదు. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, ముందుకెళ్లే కొద్దీ నాకు కోపం రావచ్చు.

ఆ మేడ ప్లాస్టిక్ ఇటుకలది. అవును, పిల్లలు ఆడుకునేవే. పైన బుడిపెలు, కింద గుంటలు, ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కున కూర్చుంటాయి. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గోపన్‌పల్లిలో అద్దె ఫ్లాటు, సుజాతతో పెళ్లయి ఏడాది. ఉద్యోగం పొట్టకోసం, ఇటుకలు ప్రాణం కోసం. నాలాంటి పిచ్చివాళ్లు ఊళ్లో ఇంకో పదిమంది ఉన్నారని ఇంటర్నెట్‌లో తెలిసిన రోజున, జాతరలో తప్పిపోయిన తోబుట్టువులు దొరికినంత సంబరపడ్డాను. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్లం. బ్యాంకులో మేనేజరుగా చేసే పద్మజగారు మా సంఘానికి పెద్ద. మాకు మతం ఒక్కటే, జిగురు వాడకూడదు. జిగురు పెట్టి అంటించాడని తెలిస్తే ఆ మనిషికి కాఫీ కూడా ఇవ్వకుండా పంపేసేవాళ్లం.

మా సంఘం మొట్టమొదటి ప్రదర్శన పెట్టాలని తీర్మానించినప్పుడు, మధ్యలో నిలబెట్టే పెద్ద కట్టడం నాదేనని నేను చెయ్యెత్తాను. ఏం కడతానో కూడా అప్పుడే ప్రకటించాను. హైటెక్ సిటీలో రోజుకొకటి మొలుస్తున్న గాజు మేడ. నా ఛాతీ ఎత్తు, నాలుగు వైపులా నీలం గాజు, నెత్తిన ఎర్ర దీపం.

నీలం గాజు ఇటుకలు అప్పట్లో ఇక్కడ దొరికేవి కావు. అందుకని ఆఫీసులో ఎవడు ఆన్‌సైట్ వెళ్లినా వాడి కాళ్ల మీద పడేవాణ్ణి. "చాక్లెట్లు వద్దురా, నీలం ఇటుకలు పట్రా." పాపం మా మేనేజరు మూడు కిలోలు మోసుకొచ్చాడు. విమానాశ్రయంలో సూట్‌కేసు విప్పించి ఇవేమిటని అడిగితే, "మా టీమ్‌లో ఒకడికి ఆరోగ్యం బాగాలేదండీ" అని చెప్పి బయటపడ్డాడట. వచ్చినవాటిని వచ్చినట్టు సైజుల వారీగా ఇడ్లీ పళ్లేల్లో సర్దేవాణ్ణి. ఆ మూడు నెలలూ మా ఇంట్లో ఇడ్లీ లేదు. సుజాత మూడు నెలలు ఉప్మా చేసింది, మాట్లాడకుండా చేసింది, అదే భయం.

ఇంతకీ నా ఆరాటమంతా మా మామగారి కోసం. ఆయన ప్రభుత్వ ఇంజనీరుగా గోదావరి కాలవల మీద వంతెనలు కట్టించి రిటైరైన మనిషి. పెళ్లయిన కొత్తలో మా హాల్లో నేల మీద బోర్లా పడుకుని ఇటుకలు పేరుస్తున్న నన్ను చూసి, సుజాతని పక్కకి పిలిచి, "అమ్మా, మీ ఆయన సాయంత్రాలు ఇంతేనా?" అని అడిగారు. అంతే. తిట్టలేదు, నవ్వలేదు. ఆ ఒక్క ప్రశ్న ఏడాదిపాటు చెప్పులో రాయిలా గుచ్చుకుంది. ప్రదర్శనకి ఆయన్ని రాజమండ్రి నుంచి రప్పించాలి, ఆ మేడ చూపించాలి, ఆయన నోటితో "భలే కట్టారండీ" అనిపించుకోవాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టినదాన్ని మామగారికి చూపించి చూడు అని కూడా అనాల్సింది, తొందరలో మర్చిపోయారు.

మేడ సగమైన రోజుల్లో మా బాల్కనీ గోడ బీటలు తీసింది. దాన్ని పూయడానికి యాదయ్య మేస్త్రీ వచ్చాడు. పాలమూరు మనిషి. ఎదురుగా లేస్తున్న అపార్టుమెంటుకి గోడలన్నీ ఆయన చేతివే. పని అయిపోయాక టీ తాగుతూ నా మేడ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు.

"ఏంది సారు గిది?"

"గాజు బిల్డింగు. ఎలా ఉంది?"

"సూడనీకె మంచిగనే ఉంది. గని గోడ గిట్ల కడ్తరా? జాయింటు మీద జాయింటు పెట్టిండ్రు. కింద ఇటుక సగం మీదికి పై ఇటుక రావాలె సార్. లేకుంటే గోడకు గోడకు నడుమ దోస్తీ ఉండది."

విషయం ఏమిటంటే, ఇటుకల్ని ఒకదాని నెత్తిన ఒకటి సరిగ్గా నిలువునా పేర్చుకుంటూ పోయాను. గాజు మేడలకి కింద నుంచి పైదాకా నిటారు గీతలుంటాయి కదా, ఆ అందం కోసం. కింద ఒక పలక, పైన ఒక పలక, మధ్యలో ఏ నిలువు వరస దానిదే.

"యాదయ్యా, ఇవి మట్టి ఇటుకలు కావు. వీటి పట్టు వేరు. ఇంటర్నెట్‌లో చదివాను."

"పట్టు పైకి కిందికి ఉంటది సార్. పక్కకేడుంది?"

"నీకు తెలీదులే."

ముప్పై ఏళ్లు గోడలు కట్టినవాడితో, నెలన్నరగా ఇడ్లీ పళ్లేలు ముందేసుకు కూర్చున్నవాణ్ణి నేనన్న మాట అది. మేస్త్రీ మాట చద్దిమూట అని ఎవరూ చెప్పలేదు నాకు. యాదయ్య మాత్రం ఏమీ అనుకోకుండా గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయాడు.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. దాంతోపాటు బంద్ కూడా వచ్చింది. సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సుల్లేవు, ఆటోల్లేవు, బళ్లు మూతబడి పిల్లలంతా ఇళ్లలో గెంతులేస్తున్నారు. వాయిదా వేద్దామా అని పద్మజగారికి ఫోన్ చేస్తే, "పిచ్చా మీకు? పిల్లలందరూ ఖాళీగా ఉన్నారు. గచ్చిబౌలి అపార్టుమెంటు వాళ్లు క్లబ్‌హౌసు ఇచ్చారు. మధ్యాహ్నానికల్లా మీ మేడ ఇక్కడుండాలి" అన్నారు.

మామగారు ముందురోజే అష్టకష్టాలు పడి దిగారు. మేడ చూపించమంటే చూపించలేదు. సుజాత చేత పెద్ద దుప్పటి కప్పించి, "అక్కడే చూద్దురుగాని మామయ్యగారూ" అని ఊరించాను. రాత్రంతా ఆయన హాల్లో దాని పక్కనే పడుకున్నారు, ముసుగేసుకున్న బంధువు పక్కన పడుకున్నట్టు.

మళ్లీ యాదయ్యే దిక్కయ్యాడు. బంద్ వల్ల పనిలేక ఖాళీగా ఉన్నాడు, ఎక్కడినుంచో తోపుడు బండి తెచ్చాడు.

"నాలుగు ముక్కలు చేసి తీస్కపోదాం సార్. ఆడ మళ్ల జోడిద్దాం."

"వీల్లేదు. ముక్కలు చేస్తే మూడు నెలల పని."

"పోనీ తాడన్న కడ్త."

"గీతలు పడతాయి."

యాదయ్య ఆకాశం వైపు చూసి బండి తొయ్యడం మొదలుపెట్టాడు. పక్కన నేను, వెనక సఫారీ సూటులో మామగారు, ఆయన వెనక మంచినీళ్ల సీసాలతో సుజాత. ముసుగేసిన ఆ ఆకారాన్ని మధ్యలో పెట్టుకుని మేం నలుగురం నడుస్తుంటే, ఎదురొచ్చినవాళ్లు చెప్పులు విప్పి దండం పెట్టుకున్నారు.

సగం దూరం వెళ్లేసరికి రోడ్డు నిండా జనం. వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, గుండిగల్లో పులిహోర కలుపుతున్నారు. ఒక పక్క ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. మామగారి చెవిలో, "మీరేం మాట్లాడకండి. మన యాస వింటే ఆంధ్రావాళ్లమని తెలిసిపోతుంది" అన్నాను.

"అలాగేనండి" అన్నారాయన, నాలుగు పొయ్యిల అవతలికి కూడా వినిపించేలా.

గరిటె పట్టుకున్న ఒకావిడ మా దగ్గరికొచ్చింది. నేను బండికి అడ్డంగా నిలబడ్డాను. తీరా చూస్తే ఆవిడ యాదయ్య భార్య సాయమ్మ.

"ఏం తీస్కపోతున్నవయ్యా? దేవున్నా?"

"సారు బిల్డింగు" అన్నాడు యాదయ్య.

"గీ పెద్దాయన ఎవరు?"

మామగారు చేతులు జోడించి, "రాజమండ్రి నుంచి వచ్చానండి. అల్లుడుగారి ప్రదర్శన చూద్దామనండి. ఇబ్బంది పెడుతున్నామేమోనండి" అన్నారు. ఒక్క ఊపిరిలో అన్ని అండీలు నేను మా ఊళ్లో కూడా వినలేదు.

సాయమ్మ ఫక్కున నవ్వింది. "ఆంధ్రోళ్లయితే ఆకలి కాదా? మా రాష్ట్రం మాకు గావాలంటున్నం, మీ అన్నం గుంజుకుంటమంటలేం. కూసోండ్రి, తినిపోండ్రి."

మామగారు పేవ్‌మెంటు మీద విస్తరి ముందు కూర్చున్నారు. ఆ సరికి మా బండి చుట్టూ రెండొందల మంది. ముసుగులో ఏముందో చూపించమంటున్నారు. "చూపించండి అల్లుడుగారూ, అడుగుతున్నారు కదా" అన్నారు మామగారు, పులిహోర తింటూ.

అక్కడ ఆగాల్సింది నేను. కానీ అంతమంది నావైపే చూస్తుంటే నాకు పూనకం వచ్చేసింది. బండి చక్రం మీదికెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆరు వేల ఇటుకలన్నాను, చుక్క జిగురు లేదన్నాను, ఆధునిక హైదరాబాదు అన్నాను. అని, ఇంద్రజాలికుడిలా దుప్పటి కొసని పట్టుకుని ఒక్క లాగు లాగాను.

దుప్పటి వచ్చింది. నెత్తిన ఉన్న ఎర్ర దీపానికి తట్టుకుని, దాంతోపాటు పై పలకని కూడా తీసుకుని వచ్చింది. ఒక్క క్షణం మేడ అలాగే నిలబడింది, అది నేను ఒప్పుకుంటాను. ఆ తర్వాత నాలుగు గోడలూ నాలుగు దిక్కులకీ అరటిపండు తొక్కలా విచ్చుకున్నాయి. ఆరు వేల నీలం ఇటుకలు వడగళ్ల వానలా రోడ్డు మీద పడ్డాయి. నినాదాలు ఆగిపోయాయి. బతుకమ్మ పాట ఆగిపోయింది. నా చేతిలో దుప్పటి మిగిలింది.

విస్తరి ముందు నుంచి మామగారి గొంతు వినిపించింది. "జాయింటు మీద జాయింటు పెట్టారాండి?"

"నేను చెప్పిన సార్" అన్నాడు యాదయ్య.

"చెప్పారా?"

"నెలన్నర కిందనే."

మామగారు నన్ను చూడలేదు. విస్తరి పక్కన పెట్టి, లేచి, యాదయ్య దగ్గరికెళ్లి చెయ్యి కలిపారు. నాకు ఏడుపొచ్చింది. అక్కడే రోడ్డు మీద కూర్చుని, మోకాళ్ల మీద దుప్పటి వేసుకుని, నిజంగానే ఏడిచాను. సుజాత నా పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. తను నవ్వాపుకుంటోందని ఆ చెయ్యి వణుకుడు వల్ల తెలిసింది.

"ఫికర్ జేయకు కొడుకా" అంది సాయమ్మ. గరిటెతో గిన్నె మీద టంగుమని కొట్టి, "ఓ పిల్లలూ, అందరు ఏరుండ్రి" అని కేకేసింది.

ఇక చూడండి. రాస్తారోకోకి వచ్చిన జనమంతా రోడ్డు మీద వంగి నీలం ఇటుకలు ఏరుతున్నారు. గంపల్లో, జెండాల్లో, ఖాళీ గుండిగల్లో పోసి తెస్తున్నారు. ఆ జనంలో పనుల్లేక వచ్చిన మేస్త్రీలు ఎనిమిదిమంది తేలారు. యాదయ్య చెబుతుంటే వాళ్లు బండి మీదే కట్టడం మొదలుపెట్టారు. కింద ఇటుక సగం మీదికి పై ఇటుక. మామగారు చేతులు వెనక్కి పెట్టుకుని, రిటైరయ్యాక మొదటిసారి సైటుకొచ్చిన ఇంజనీరులా బండి చుట్టూ తిరుగుతున్నారు. "మూల కొంచెం చూడండి యాదయ్యగారూ." "సూస్తున్న సార్." "పునాది ఇంకాస్త వెడల్పు చేస్తే?" "జేద్దాం సార్."

పునాది వెడల్పయింది. ఇటుకలందించే ఆడవాళ్లు ఊరుకుంటారా, గుండ్రంగా పేర్చమన్నారు. పైకి పోయే కొద్దీ సన్నం చెయ్యమన్నారు. గంటన్నరలో లేచి నిలబడ్డదాన్ని చూద్దును కదా, నీలంగా, నిండుగా, అచ్చం బతుకమ్మ. ఎర్ర దీపం ఎంత వెతికినా దొరకలేదు. సాయమ్మ తన కొప్పులోంచి బంతిపువ్వు తీసి శిఖరం మీద పెట్టింది. యాదయ్య బండిని పట్టుకుని గట్టిగా ఊపాడు. ఒక్క ఇటుక కదల్లేదు. చుక్క జిగురు లేకుండా, చూశారా. ఏడుపు ఎప్పుడు పోయిందో నాకు తెలీదు, అందరితో పాటు నేనూ చప్పట్లు కొడుతున్నాను.

క్లబ్‌హౌసుకి మాతోపాటు ఇరవైమంది వచ్చారు. పద్మజగారు గుమ్మంలోనే ఆగిపోయి, "గాజు మేడ అన్నారు?" అని అడిగారు.

"దారిలో ప్లాను మారింది" అన్నాను.

ఆ రోజు పిల్లలు, తల్లిదండ్రులు అందరూ దాని చుట్టూనే. ఎవరు కట్టారని అడిగిన ప్రతివాళ్లకీ మామగారే సమాధానం చెప్పారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. "ఈయన యాదయ్యగారండి. భలే కట్టారండీ." ఏడాది నుంచి నేను కలలుగన్న మాట అదే, తు చ తప్పకుండా. నా పక్కనుంచి వెళ్లి యాదయ్య మెడలో పడింది.

ఒకాయన నావైపు చూపించి, "మరి వీరు?" అన్నాడు.

మామగారు కాస్త ఆలోచించారు. అబద్ధమాడే మనిషి కాదు.

"దుప్పటి వీరిదండి."

ఇంటికెళ్లాక ఆయన జేబులోంచి రుమాలు తీసి, మడత విప్పి, నా చేతిలో పెట్టారు. అందులో ఎర్ర దీపం. "మళ్లీ విస్తరి ముందు కూర్చుంటే పులిహోరలో వచ్చిందండి. మిరపకాయనుకుని కొరికాను" అన్నారు, బుగ్గ పట్టుకుని. తర్వాత సుజాత వైపు తిరిగి, "మీ ఆయన సాయంత్రాలు యాదయ్యగారి దగ్గర కూర్చోమని చెప్పమ్మా. చెయ్యి పనికొస్తుంది" అన్నారు. నా గురించి ఆయన అన్న మంచిమాట ఇప్పటికీ అదొక్కటే, దాన్ని నేను భద్రంగా దాచుకున్నాను.

కాబట్టి పాఠకమహాశయులారా, ఆరు వేల ఇటుకల సాక్షిగా, మొత్తం ఆస్తినష్టమైన మామగారి కదిలిన పన్ను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట జాయింటు మీద జాయింటు పెట్టను. మేస్త్రీకి ఇంటర్నెట్ గురించి చెప్పను. మా ఇంట్లో చలికాలంలో కూడా దుప్పటి జోలికి పోను, సుజాతే కప్పాలి, సుజాతే తియ్యాలి.