ఎండ తగలని కోడిపిల్లలు

నేను కోడిపిల్లల పేగుల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. మా అత్తమ్మ ములకలపల్లి దగ్గర అడవంచు ఊళ్లో కోళ్లు పెంచే మనిషి. అత్తాకోడళ్లది ఒకే సబ్జెక్టని మా ఆయన ఏడిపిస్తుంటాడు.

ఆ ఏడు వేసవి సెలవులకు వెళ్లేసరికి కోళ్లన్నీ తెగులుకు పోయి ఒక్క పెట్ట మిగిలింది. అత్తమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కోళ్ల సంతతిలో అదే ఆఖరిది. తొమ్మిది పిల్లల్ని చేసింది. మూడో రోజే ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది. ఆ పూట అత్తమ్మ అన్నం ముట్టలేదు.

ఆమె అలా ఉంటే నాకు మనసు ఆగలేదు. పిల్లల్ని తల్లితో సహా వడ్ల గదిలో పెట్టి తలుపేశాను.

"పిల్లలు మన్ను గెలకాలె, ఎండల తిరగాలె బిడ్డా," అంది అత్తమ్మ.

"గద్దకు పెడతారా అత్తమ్మా? నేను చదివింది వీటి గురించే."

"అవ్, నీకు ఎరుకనే గదా," అని ఊరుకుంది. నా చదువు మీద నాకంటే ఆమెకే నమ్మకం.

నెల తిరక్కుండానే పిల్లలు కూలబడ్డాయి. కాళ్లు వంకరపోయి పాకడం మొదలుపెట్టాయి. కాల్షియం చాలలేదేమోనని నత్తగుల్లలు దంచి నూకల్లో కలిపాను. తిన్నాయి గానీ లేవలేదు. ఇంకాస్త కలిపాను.

ఒక పొద్దున దంచుతూ దంచుతూ ఆగిపోయాను. పేగులో కాల్షియాన్ని పట్టుకుని ఒంట్లోకి చేర్చే ప్రోటీన్ ఒకటుంది. విటమిన్ డి అందకపోతే ఒళ్లు దాన్ని తయారు చేయదు. మోసేవాడు లేకపోతే గుమ్మంలో ఎంత సరుకు దించి ఏం లాభం? ఇది తేల్చడానికే నేను ఐదేళ్లు ల్యాబ్‌లో కూర్చున్నాను. ఎలా తేల్చాను? పిల్లల్ని ఎండ తగలని గదిలో పెట్టి, డి లేని మేత వేసి. వడ్ల గదిలో చేసిందీ అదే, కాకపోతే ఈసారి ప్రేమతో. చదవేస్తే ఉన్న మతి పోయిందని నాలాంటి వాళ్లను చూసే అని ఉంటారు.

పిల్లల్ని గంపలో వాకిట్లోకి తెచ్చాను. పశువుల డాక్టరు ఇచ్చిన విటమిన్ డి చుక్కల మందు నీళ్లలో కలిపాం. రోజూ పొద్దున అత్తమ్మా నేనూ గద్దలు రాకుండా కాపలా కూర్చున్నాం. రెండు చచ్చిపోయాయి. ఆరు లేచి నిలబడ్డాయి. వాటిలో ఒకదానికి కాలు వంకరగానే ఉండిపోయింది, అయినా మేతకు అన్నిటికంటే ముందు అదే ఉరికేది.

అక్కడ కూర్చునే తప్పంతా నాదని చెప్పేశాను. అత్తమ్మ ల్యాబ్ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

"మరి ఆ పిల్లల్ని ఆఖరికి ఎండకు ఇడిసిండ్రా?"

పేగు చూడాలంటే కోయాలి. ఆ మాట దాటేశాను. "లేదు అత్తమ్మా," అన్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

మన్ను గెలుకుతున్న పిల్లల వంక చూసింది ఆమె. తర్వాత గద్దల్ని అదిలించే కర్ర నా చేతిలో పెట్టి లేచింది.

"ఇయ్యిటిని చూస్తుండు బిడ్డా. నేను బువ్వ వండుత."