కైగల్ జలపాతానికి మా అత్త కూడా వచ్చింది

మా అత్త పోయిన బుధవారం మదనపల్లెలో ఆస్పత్రి మంచం మీద చనిపోయింది. డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, మా ఆయన వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు. నేను మాత్రం లోపలికి పోయి ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. కాసేపాగి మళ్ళీ చూశాను. ఎవరో చెప్పారని నమ్మేయడం ఆమె ఇంట్లో లేదు. ఇన్నేళ్ళు ఆమె దగ్గర కాపురం చేసినదాన్ని, ఆ గుణం నాకూ అంటుకుంది. అప్పుడుగానీ నాకు ఏడుపు రాలేదు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మా అత్త గురించి మంచి చెప్పాలంటే ఆమె అనుమానం గురించే చెప్పాలి. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి గోటి మీద చుక్క నిలబడేదాకా గిన్నె లోపలికి తీసుకునేది కాదు. అంగట్లో అగ్గిపెట్టె కొంటే అక్కడే ఒక పుల్ల గీసి చూసేది. గుళ్ళో పూజారి తీర్థం ఇవ్వబోతే చెయ్యి చాపకుండానే, "ఈపొద్దుదేనా స్వామీ?" అని అడిగేది. రేడియోలో వాన వస్తుందని చెబితే పెరట్లోకి పోయి తలెత్తి చూసి, "ఆ యమ్మ కడపలో కూసోని మన మబ్బును యాడ సూసిందే?" అనేది. ఎవరైనా నొచ్చుకుంటే ఒకటే మాట. "అడిగితే పోయేదేముండాది? అడక్కపోతేనే పోతాది."

నా పుట్టిల్లు కుప్పం. మెట్టినిల్లు పుంగనూరు. ఈ రెండిళ్ళకూ పెళ్ళిపందిట్లోనే చెడింది. కుప్పంలో మావాళ్ళు తీపి చివర వడ్డిస్తారు, మజ్జిగకు ముందు. మా అత్తగారింట్లో విస్తరి పరిచాక మొదట పడాల్సింది తీపే. మగపెళ్ళివారి పంక్తిలో విస్తర్ల మీద కూర పడింది, పప్పు పడింది, అన్నం పడింది, తీపి మాత్రం రాలేదు. మా మామ కాసేపు చూసి, మర్యాద తెలియని ఇంటికి వచ్చామని విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆయన వెనకే పంక్తంతా లేచింది. వంటింట్లో బుట్టల నిండా ఓళిగలు అట్లాగే ఉండిపోయాయి. మా నాయన కాళ్ళావేళ్ళా పడి చెప్పినా ఆయన వినలేదు. తాళి పడింది కాబట్టి నన్ను తెచ్చుకున్నారు గానీ, నేను కుప్పం గడప తొక్కకూడదు, అక్కడివాళ్ళు ఈ గడప తొక్కకూడదు అని మా మామ తీర్మానం చేశాడు. ఆయన తీర్మానానికి ఇంట్లో తిరుగులేదు.

మరుసటి ఏడు నాకు కడుపు నిలిచినట్టే నిలిచి జారిపోయింది. మా అత్త నాకు పథ్యం పెట్టింది, మిరియాల కషాయం తాగించింది, నన్ను వంటింట్లోకి అడుగు పెట్టనివ్వలేదు. ఆమె ఏ లోటూ చేయలేదు. కానీ అత్త ముందు ఏడవడం వేరు, అమ్మ ముందు ఏడవడం వేరు. కుప్పానికి కబురు పోయింది, అమ్మ రాలేకపోయింది. నాకు ఇంకేమీ అక్కరలేదు, ఒక్క పూట అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడవాలి. అదొక్కటే కోరిక. అది తీరకపోతే నాకు పిచ్చెక్కుతుందనిపించేది.

దారి చూపింది పక్కింటి సాయిబులావిడ, అందరం ఖాలా అనేవాళ్ళం. బట్టలు కుట్టేది, మా అత్తకు మంచి స్నేహం. వాళ్ళ చెల్లెలిది బైరెడ్డిపల్లె. ఆ పైన కుప్పం దోవలో, బస్సు దిగి గుట్టల్లోకి నడిస్తే కైగల్ జలపాతం. వానలు బాగా పడిన ఏడు అది, నీళ్ళు దండిగా దూకుతున్నాయని వచ్చినవాళ్ళంతా చెబుతున్నారు. "కార్తీకంలో ఆడోళ్ళం నలుగురం పోదాం. మీ అమ్మ ఆ పక్కనుంచి ఎక్కి రాదా బేటీ? గడప తొక్కొద్దన్నాడు గానీ కొండ తొక్కొద్దన్లేదు గదా మీ మామ" అంది నాతో. సంతలు తిరిగి బట్టలమ్మే వాళ్ళ తమ్ముడి నోటితో కుప్పానికి మాట పంపింది. నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. ఇప్పటికీ కనబడదు.

ఇంట్లో ఒప్పించడం దగ్గరే వచ్చింది కష్టమంతా. మా అత్త తమలపాకుల పళ్ళెం ముందేసుకుని విచారణ మొదలుపెట్టింది.

"నీళ్ళు సూసేదానికి కొండ ఎక్కల్నా? మన బాయిలో లేవా నీళ్ళు?"

"అవి పైనుంచి పడతాయంట అత్తా."

"పడితే? ఎవురన్నా పట్టుకోవల్నా?" ఆకుకు సున్నం రాస్తూ నా మొహంలోకి చూసింది. "ఇన్నాళ్ళూ లేని కొండ ఇప్పుడు యాల గుర్తొచ్చిందమ్మే నీకు? నువ్వు నవ్వుతాండావంటే ఏదో ఉండాది."

మొదట ఆమె అనుమానం సినిమా మీద పడింది. కొండ పేరు చెప్పి మదనపల్లెలో ఆట చూసి వస్తామేమోనని. తర్వాత జీపు మీద పడింది. ఎవరో జీపు ఇప్పిస్తామన్నారని ఖాలా నోరు జారింది. అవి జీపులు ఊళ్ళమీద పడి జనాన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు తీసుకుపోతున్న రోజులు. "జీపెక్కినోళ్ళు ఏమై దిగతారో ఎవురికి తెలుసు? బస్సులో పోతే పోండి, లేదంటే లేదు" అని తేల్చేసింది. బస్సు అనుకున్నాక ఏ బస్సు అని మరో రోజు గడిచింది. మేము మొదటి బస్సుకు పోదామన్నాం. "మంచులో పోయి ఏం సూస్తారు? ఎండ పొడిసినాక పోండి" అని దాన్ని వెనక్కి జరిపింది. అక్కడ నాకు దక్కే కాస్త సమయాన్ని కూడా కోసేస్తోందని ఆమె మీద లోపల్లోపల ఉడికిపోయాను.

ముందురోజు నేను ఓళిగలు చేస్తుంటే వెనకొచ్చి నిలబడింది.

"కొండకు పులిసన్నం గదా ఎత్తకపోతారు?"

"ఖాలాకు ఇష్టం అత్తా."

"ఖాలాకు తీపి పడదు. ఆయమ్మకు డాక్టరు వద్దన్నాడు."

నా చేతిలో పిండి ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఆమె ఇంకేమీ అడగలేదు. పెనం మీది ఓళిగను తిప్పి, "మాడతాండాది సూడు" అని చెప్పి, పోతూ పోతూ అంది. "నేనూ వస్తాండాను రేపు."

మా మామకు అది చాలా నచ్చింది. "నువ్వు పోతేనే మేలు. కుప్పం దోవ అది, బస్సు మారి ఎక్కిందంటే మళ్ళా రాదు. కనిపెట్టి ఉండు" అన్నాడు. వద్దని అమ్మకు చెప్పడానికి దారి లేదు, ఖాలా తమ్ముడు అప్పటికే వేరే సంతకు పోయాడు. ఏదో ఒక సాకుతో ఆగిపోదామంటే, ఆగితే అమ్మ అక్కడ సాయంత్రందాకా కూర్చుంటుంది. పోక తప్పదు.

బస్సులో పక్కనే కూర్చుంది. బైరెడ్డిపల్లె దాటాక నేను కిటికీలోంచి చూస్తే తనూ చూసింది, నేను కళ్ళు మూసుకుంటే మోచేత్తో పొడిచి "నిద్రొస్తాందా?" అంది. దిగాక రాళ్ళ దోవ. ఆమెకు మోకాళ్ళ నొప్పి. చెప్పులు చేత పట్టుకుని, ప్రతి రాయినీ కాలి వేళ్ళతో కదిలించి చూసి మరీ అడుగు వేసింది. "ఇక్కడ కూర్చో అక్కా, మేం పోయి వస్తాం" అని ఖాలా రెండు మూడుసార్లు అంది. "నువ్వు కూసోమంటాండావంటే నేను కూసోకూడదు" అంది మా అత్త. నన్ను మాత్రం ముందు నడవమంది. ఆమె చూపు నా వీపు మీద గుచ్చుకుంటూనే ఉంది.

హోరు వినబడింది. ఒక గుండురాయి చుట్టూ తిరగ్గానే తెల్లటి నీళ్ళు, కింద మడుగు, మడుగు పక్కన బుట్ట ఒళ్ళో పెట్టుకుని మా అమ్మ. చిక్కిపోయి ఉంది. నన్ను చూసి లేచి, నా వెనకున్న మనిషిని చూసి మళ్ళీ కూర్చుండిపోయింది. నేను వెనక్కి తిరిగి మా అత్త మొహం చూశాను. అందులో కోపముందో ఏముందో నాకు తెలియలేదు. ఆమె ఒక బండను కాలితో నొక్కి చూసి, "ఇది జారదు గదా?" అని ఖాలాను అడిగి, మేము వచ్చిన దోవ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. నీళ్ళూ, మా అమ్మా, నేనూ ఆమె వెనక ఉన్నాం.

నేను అమ్మ దగ్గరికి పోయాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆ హోరులో ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరికీ వినబడదు. అమ్మ నా పొట్ట నిమిరింది, జుట్టు విప్పి మళ్ళీ అల్లింది. కడుపులోదంతా చెప్పుకున్నాను.

చాలా కాలం తర్వాత ఖాలా చెప్పింది. బస్సు సంగతి తేల్చడానికి ముందు మా అత్త వాళ్ళింటికి పోయి, గుడ్డ ఏదో కొలిచినట్టు నటిస్తూ, కుప్పం నుంచి పొద్దున కైగల్ దగ్గరికి బస్సు ఎప్పుడొస్తుందని అడిగిందట. అమ్మ చేరకముందే నేను పోయి, రాలేదని బెంగపడతానని మా బస్సును వెనక్కి జరిపిందన్నమాట. తను వెంట లేకపోతే మా మామ నమ్మడని తనూ వచ్చింది. ఇది ఖాలా మాట. నేను మా అత్తను ఎన్నడూ అడగలేదు. అడగకపోతేనే పోతుందని చెప్పిన మనిషి దగ్గర, అడిగితే పోతుందేమోనని భయపడ్డాను.

కొండ నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం మా మామ వాకిట్లోనే అడిగాడు.

"యాడికన్నా పోయిందా?"

"నేనుండాను గదా, కండ్లు ఆర్పకుండా. నీళ్ళు తప్ప ఏమీ లేదాడ. పాలు పోసినట్టు పడతాండాయి" అంది మా అత్త, కాళ్ళు కడుక్కుంటూ. ఆయన తలూపి లోపలికి పోయాడు. ఊళ్ళో అందర్నీ అనుమానించే మనిషి మాటను ఎవరు అనుమానిస్తారు?

కానీ ఆ నీళ్ళను ఆమె కళ్ళారా చూడలేదు. కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా తల తిప్పలేదు. మేము బయల్దేరబోయే ముందు అమ్మ బుట్టలోంచి కనకాంబరాల దండ తీసి, తుంచి, "వదినకియ్యి" అంది. నేను పోయి వెనక నిలబడి, "అత్తా, పూలు" అన్నాను. ఆమె చీర వీపంతా తుంపరలకు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఇటు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. ఎదురుగా ఉన్న ముళ్ళపొదలనూ ఎండిన దోవనూ చూస్తూనే, తల కొంచెం ముందుకు వంచి, కొప్పు నా చేతికి అందేట్టు పెట్టింది.