పెద్దబాపు కట్ చేసిండు

నేను కాలేజీల లెక్కలు చెప్తా. ఆ పొగరుతోనే గౌలిపురల మా పెద్దబాపు ముందు పేకాట పత్తల కట్టలకెల్లి ఇరవై ఒక్కటి తీసి, మనసుల ఒకటి అనుకొమ్మన్న. మూడు వరుసలు పేర్చి, ఆయన పత్త ఏ వరుసల ఉందో అడిగి, ఆ వరుసను నడుమ పెట్టి కుప్ప చేసిన. గిట్ల మూడుసార్లు చేస్తే అనుకున్నది పదకొండోదయి కూసుంటది. లెక్క తప్పదు.

మూడోసారి కుప్ప కింద పెట్టిన్నో లేదో, పెద్దబాపు టక్కున కట్ చేసి పైసగం కిందికి పెట్టిండు. పంచెటోడు పత్తలు పేర్చిపెట్టకుండ జిందగీ అంత రమ్మీల కట్ చేసిన చెయ్యి ఊకుంటదా? అయినా సిగ్గులేకుండ పదకొండోది తిప్పిన. కళావర్ రెండు. ఆయన అనుకున్నది ఆటీన్ రాణి.

"నువ్వు కట్ చేసినందుకే లెక్క చెడింది!" అని లొల్లి పెట్టిన.

ఆయన పత్తలు మల్ల కలుపుకుంట, "కట్ చేస్తే చెడేదాన్ని మేం లెక్క అనం బిడ్డా, దొంగాట అంటం" అన్నడు.