సాక్ష్యంలో లేని టెలిగ్రాం

తాపీమేస్త్రి ఏసుపాదం ప్రార్థన కూటంలో సాక్ష్యం చెబుతున్నాడంటే ఎదుర్లంక చుట్టుపక్కల ఏ పందిట్లోనూ చాప ఖాళీ ఉండేది కాదు. పాస్టరు అయ్యగార్ల ప్రసంగానికి కునికిపాట్లు పడేవాళ్లు కూడా ఏసుపాదం మైకు పట్టుకోగానే సర్దుకుని కూర్చునేవారు. గోడ కట్టడంలో మనిషి పనివాడే. నిజం చెప్పాలంటే సాక్ష్యం చెప్పడంలో అంతకంటే పెద్ద పనివాడు.

ఒకప్పుడు అతను రోజూ రేవు దాటి, మందు చవగ్గా దొరికే యానాం వెళ్లి, తూలుతూ తిరిగొచ్చేవాడు. భార్య జ్ఞానమ్మకి పుట్టింటివారు పెట్టిన ఇత్తడి బిందె అమ్మి తాగేశాడు. అడ్డమొస్తే చెంబుతో కొట్టాడు. ఆవిడ చిరిగిన జాకెట్టుతో పేటలో పరుగెత్తింది. 1969లో ఒక వానాకాలం కూటంలో ప్రభువు అతన్ని పట్టుకున్నాడు. ఆ మర్నాటినుంచి చుక్క ముట్టలేదు. ఇదీ సాక్ష్యం. తాగిందీ నిజమే, మానిందీ నిజమే. కాకపోతే పదిహేనేళ్లు చెప్పీచెప్పీ కథకి కాస్త ఒళ్లొచ్చింది. ఒక్క బిందె మూడు బిందెలయింది. చెంబు రోకలిబండయింది. జ్ఞానమ్మ పరుగెత్తిన దూరం ఏటేటా పెరిగి చివరికి రేవుదాకా వెళ్లింది.

జనం కళ్లు తుడుచుకుంటూ "స్తోత్రం" అనేవారు. ఆడవాళ్లవైపు చాపమీద జ్ఞానమ్మ ముసుగు ముక్కుదాకా లాక్కుని కూర్చునేది. ఆవిడా అందరితోపాటు దేవుణ్ణి స్తుతిస్తోందనే ఏసుపాదం అనుకునేవాడు.

1984లో మురమళ్లలో మూడురోజులు ఉజ్జీవ కూటాలు పెట్టారు. రెండోరోజు మధ్యాహ్నం ఏసుపాదం సాక్ష్యం. కరపత్రంలో పేరు కూడా వేశారు. ఆ పూట నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సైకిలు తుడిచి సిద్ధమయ్యాడు. జ్ఞానమ్మ మాత్రం అరుగుమీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది.

"ఇంకా లేవలేదేంటి?"

"నేను రానండి."

"ఏం? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నా జాకెట్టు చిరిగిన సంగతి మురమళ్లోళ్లు కూడా వినాలాండి? మీరెళ్లి చెప్పుకోండి. నేనక్కడ కూర్చోలేను."

ఏసుపాదం నివ్వెరపోయాడు. "అది దేవుడి మహిమకోసం కదే!"

"అవునండి. అందుకే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. ఎప్పటికైనా ఆ టెలిగ్రాం సంగతి చెబుతారేమోనని ప్రతిసారీ చెవులప్పగించి విన్నాను. ఒక్కసారీ చెప్పలేదు."

"ఏ టెలిగ్రాం?"

జ్ఞానమ్మ చెయ్యి ఆగిపోయింది. అతని మొహంలోకి చూసింది. అతనికి నిజంగానే గుర్తు లేదు.

"మా అమ్మ పోయిందని నిడదవోలునుంచి మా అన్నయ్య కొట్టించిందండి. మీరు మారడానికి రెండేళ్ల ముందు. పోస్టుమేను రేవులో మీ చేతికిచ్చేడు. మీరు జేబులో పెట్టుకుని యానాం పోయేరు. మూడోనాడు చొక్కా ఉతుకుతుంటే నా చేతికి తగిలింది. బళ్లో మేస్టారు ఆరబెట్టి చదివి చెప్పేరు. నేనెళ్లేటప్పటికి సమాధిమీద మట్టి కూడా ఆరిపోయింది. మా అమ్మ ఆఖరిచూపు నాకు దక్కలేదండి." ఆవిడ గొంతు పెంచలేదు. "బిందె పోతే పోయింది. దెబ్బలు మానిపోయేయి. క్షమించమని దేవుణ్ణి అడిగేరు, సంఘాన్ని అడిగేరు. నన్నెప్పుడైనా అడిగేరా?"

ఏసుపాదం వేళవుతోందని గొణిగి, సైకిలెక్కాడు.

కాలవగట్టుమీద వెళుతుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పోస్టుమేను "అర్జెంటు, ఎవరిచేతనైనా వెంటనే చదివించుకో" అన్నాడు. అలాగే అని పడవెక్కేశాడు. అంతలో మరో ఆలోచన వచ్చింది. ఈ టెలిగ్రాం సంగతి కూడా కలిపితే ఇవాళ పందిరి పందిరంతా ఏడుస్తుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో కూడా మనసులో కుదిరిపోయింది. ఆ తర్వాతగానీ తను ఏమనుకున్నాడో అతనికి తెలియలేదు.

సైకిలు దిగిపోయాడు. తాగిన రోజుల్లో కూడా తనమీద తనకి ఇంత అసహ్యం వెయ్యలేదు. అప్పుడు ఆవిడ బిందె అమ్ముకున్నాడు, ఇన్నేళ్లుగా ఆవిడ ఏడుపు అమ్ముకుంటున్నాడు. చేలకి అవతల మైకులో తన పేరు పిలుస్తూనే ఉన్నారు. ఏసుపాదం సైకిలు వెనక్కి తిప్పాడు.

ఇంటికొచ్చి జ్ఞానమ్మ ఎదురుగా కింద చతికిలబడ్డాడు. పదూళ్లని ఏడిపించిన మనిషికి నోట మాట రావడమే గగనమయింది.

"తప్పు చేసేను. మీ అమ్మని నీకు ఆఖరిసారి చూడనివ్వలేదు. నన్ను క్షమిస్తావా?"

"ఇన్నాళ్లకి అడిగేరు," అంది జ్ఞానమ్మ. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. లేచి అన్నం వడ్డించింది.

వారం తిరక్కుండా అతను తాపీ, పనిముట్లు సంచిలో వేసుకుని ఆవిడతో నిడదవోలు వెళ్లాడు. అత్తగారి సమాధి నేలలోకి కుంగిపోయి ఉంది. రోజంతా కూర్చుని ఇటుక పేర్చి, నున్నగా గచ్చు చేశాడు. జ్ఞానమ్మ నీళ్లు మోసింది. ఇద్దరూ పట్టుమని పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. సాయంత్రం స్టేషన్లో రైలుకోసం కూర్చున్నప్పుడు ఆవిడ టీగ్లాసు అతని చేతికిస్తూ, "క్షమించేనండి," అంది. ఏసుపాదం ప్లాట్‌ఫారంమీదే, నలుగురూ చూస్తుండగా భోరుమన్నాడు. ఈసారి గొంతు ఎక్కడ దించాలో అతనికి తెలియలేదు.

ఆ తర్వాత అతను సాక్ష్యానికి లేవలేదు. పిలిస్తే, "మా ఆవిడ్ని అడగండి," అని కూర్చునేవాడు. ఇక లోకం ఊరుకుంటుందా? ఏసుపాదం విశ్వాసంలో పడిపోయాడన్నారు. మళ్లీ రేవు దాటుతున్నాడని కూడా అన్నారు. చివరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారే ఇంటికొచ్చారు. ఏసుపాదం పెరట్లో జ్ఞానమ్మకి నీళ్లు తోడుతున్నాడు.

"అమ్మా, ఎంత మారిన మనిషి! సాక్ష్యం మానేశాడని సంఘమంతా బెంగగా ఉంది. వెనక్కి పోయాడేమో, ప్రార్థన చేద్దామని వచ్చాను," అన్నారు.

జ్ఞానమ్మ ఆయనకి కుర్చీ వేసింది.

"బెంగెట్టుకోకండి, అయ్యగారండీ," అంది. "ఆయన మారింది మొన్ననేనండి."