వదిన నడుం మీద ఆనించిన కాలు

గాలీ ధూళీ అంటే నాకు నవ్వొస్తుంది. గార్డెన్ రీచ్‌లో పుట్టి పెరిగాను. చీకటుండగానే లేచి కార్పొరేషన్ వీధులు ఊడుస్తాను. ఏ దెయ్యమూ నాకు ఎదురుపడలేదు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టానని ఇక్కడికి వలసొచ్చిన మా శ్రీకాకుళం వాళ్ళందరికీ నా కాలంటే గురి. ఎవరికి నడుం పట్టేసినా వచ్చి బోర్లా పడుకుంటారు, నేను కుడికాలు నడుం మీద ఆనించాలి. నమ్మి కాదు, కాదంటే చిన్నబుచ్చుకుంటారని ఆనించేదాన్ని.

ఆ కుడికాలి మడమకే నొప్పొచ్చింది. మంచం దిగి మొదటి అడుగేస్తే మేకు దిగినట్టుండేది. చెప్పులు మార్చాను, కాపడం పెట్టాను, మాత్రలు మింగాను. ఏటీ లాభం లేదు. నాది పర్మినెంటు పని కాదు. ఇలాగే కుంటుతుంటే నా వీధి ఇంకొకరికి ఇచ్చేస్తానని సూపర్‌వైజర్ దాదా చెప్పేశాడు. పిల్లల తిండి ఆ వీధి మీదే.

చివరికి భవానీపూర్‌లో ఒక డాక్టర్‌బాబు నా చేతిలోంచి రక్తం తీసి, మిషన్‌లో గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపు నీళ్ళు మడమలోకి ఎక్కించాడు. నా రక్తమే నాకు మందట! గుణం కనబడటానికి వారాలు పడుతుంది, ముందు నొప్పి పెరగొచ్చు అన్నాడు. పెరిగింది. కూచుని ఏడ్చాను.

అప్పుడే పక్కింట్లో ఉండే మా ఆయన అక్క, పార్వతి వదినకి నడుం పట్టేసింది. నా కాలే బాగోలేదంటే వింటేనా!

"ఒక్కసారి ఆనించమ్మా, నీకు పున్నెముంటాది" అని చాప మీద పడుకుంది.

గోడ పట్టుకుని ఆనించాను. మడమ ఒక్కసారిగా చల్లబడింది. వదిన లేచి నవ్వుకుంటూ ఎల్లిపోయింది.

మర్నాడు టీ కాచుకుంటుంటే తెలిసింది, మంచం దిగి మామూలుగా నడిచొచ్చేశానని. ఆ సంతోషం చెబుదామని వదినింటికి పరిగెత్తాను. ఆవిడ మంచం మీద కుడి మడమ పట్టుకుని కూచునుంది.

"ఏటోనే, కాలు కింద ఎట్టలేకపోతన్నాను" అంది.

చూశాను. నాకు సూది గుచ్చిన చోటే ఆవిడకి చిన్న నల్లచుక్క ఉంది.

డాక్టర్‌బాబుకి చెబితే, నీకు ఇంజక్షన్ పనిచేసింది, ఆవిడ వయసుకి మడమ నొప్పి మామూలే, చుక్కంటావా, ఏ ముల్లో గుచ్చుకునుంటుంది అన్నాడు. అవ్వొచ్చు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు, అవుననడానికి మనసు రాదు.

వదిన ఇప్పుడు నా కాలు తన మడమ మీద ఆనించమంటోంది. ఆనిస్తే ఆ నొప్పి ఎటు పోతుందో నాకు తెలీదు. తెలీకే భయం. రేపు ఆనిస్తానులే వదినా అంటాను. పొద్దున్నే చీపురు పట్టుకుని, ఆవిడ గుమ్మం ముందునుంచే గబగబా నడిచి పనికెల్లిపోతాను.