అత్వెల్లిలో హాజరు, శామీర్‌పేటలో ఇడ్లీ

మొన్న ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకు గాజులరామారంలో మా ఇంటి గొళ్ళెం చప్పుడు కాకుండా తీశాను. దొంగలు లోపలికి రావడానికి పడే కష్టమంతా నేను బయటికి పోవడానికి పడ్డాను. అయినా మా ఆవిడ అంజమ్మకు మెలకువ వచ్చింది.

"గింత జల్దీ ఏడికి?"

"ఉరకనీకి."

"ఎంత జల్దీ వోయినా ఆఖర్కే గదా నువ్వొచ్చేది," అని అటు తిరిగి పడుకుంది.

ఆ మాట అబద్ధం చెయ్యడానికే ఈ ప్రయాణం.

నేను మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాను. రోజంతా స్టూలు మీద కూర్చునే పని. నేను కూర్చుంటాను గానీ నా కాళ్ళు కూర్చోవు, బల్ల కింద ఊగుతూనే ఉంటాయి. ఏడో తరగతిలో సారు "ఆ కాళ్ళన్నా ఆపు, లేదంటే బయటికన్నా పో" అన్నాడు. రెండింట్లో సులువైనది చేశాను. మళ్ళీ బడి మొహం చూడలేదు.

రెండేళ్ళ కిందట అత్వెల్లిలో ఒకరింట్లో గ్రైండర్ బాగుచేసి వస్తూ, కదిలిపోతున్న బస్సు వెంట పరిగెత్తాను. బస్సు దొరకలేదు. వెనక నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. "మస్తు ఉరికినవన్నా. ఆదివారం పొద్దుగాల గీడికే రా," అన్నాడు డ్రైవరు. ఆటోలో ఎక్కించుకుంటాడనుకుంటే పరుగు గుంపులో చేర్చుకున్నాడు. ఆయనే యాదగిరి, మా కెప్టెన్. ఒకప్పుడు గట్టిగా పరిగెత్తేవాడట. మోకాలు పోయాక, గుంపు వెనక ఆటోలో మంచినీళ్ళు, ఇడ్లీ డబ్బా పెట్టుకుని వస్తాడు.

యాదగిరి కాక మొత్తం పదహారుమందిమి. జీడిమెట్లలో లేత్ మిషన్ మీద పనిచేసేవాళ్ళున్నారు, అత్వెల్లి రైతులున్నారు, కోస్తా నుంచి వచ్చి మేడ్చల్ కొత్త కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్న ఉద్యోగులున్నారు. చదువెంత, జీతమెంత అని అక్కడ ఎవరూ అడగరు. "మోకాలు ఎట్లుంది?" అని అడుగుతారు. మా చుట్టాల్లో ఇంతవరకు ఒక్కరూ నా మోకాలి క్షేమం అడిగిన పాపాన పోలేదు. మొదటి వారం చెప్పులతో వెళ్ళాను. రెండో వారానికి నా కొలత బూట్లు ఒక జత ఆటో సీటు మీద ఉన్నాయి. ఎవరు తెచ్చారంటే ఒకరినొకరు చూపించుకున్నారు.

ఈ గుంపుకు రెండు కట్టుబాట్లు. శనివారం ఫోన్లో పేరిచ్చినవాళ్ళను ఆదివారం పొద్దున ఆరింటికి పావు తక్కువకు అత్వెల్లిలో నిలబెట్టి యాదగిరి బడిలోలా హాజరు పిలుస్తాడు. అవతలి కొసన, శామీర్‌పేట చెరువు కట్ట మీద, ఆఖరి మనిషి చేరేదాకా ఇడ్లీ డబ్బా మూత తీయరు. ఎప్పుడో, ఆటో గుంపుకు ముందు పోయే రోజుల్లో, ఒకాయన కాలు మెలికపడి దారిలో కల్వర్టు మీద గంటసేపు కూర్చుండిపోతే, సంగతి తెలియక మిగతావాళ్ళు తినేసి ఇళ్ళకు పోయారట. అప్పట్నుంచి ఈ లెక్క.

మంచి పద్ధతే. ఆ ఆఖరి మనిషి మనం కానంతవరకు.

రెండేళ్ళుగా ఆ ఆఖరి మనిషిని నేనే. పదహారు కిలోమీటర్లూ నా వీపు వెనకే ఆటో మొదటి గేరులో మూలుగుతూ వస్తుంది. నేను కట్ట ఎక్కేసరికి పదిహేనుమంది వరసగా నిలబడి చప్పట్లు కొడతారు. అవి నా చెవికి ఖాళీ ప్లేట్ల చప్పుడులా వినిపిస్తాయి. కిందటి వారం షుగర్ ఉన్న ఒక పెద్దాయన నా దారి చూసి చూసి, చాటుగా జేబులోంచి బిస్కెట్ తీసి నోట్లో వేసుకోవడం కనబడింది. ఆ రోజు సిగ్గుతో నా ప్లేటు పక్కవాడికిచ్చేశాను. ఈ ఒక్కసారి ఎవరినీ నిలబెట్టకుండా చేరాలి, చేతకాకపోతే గుంపుకు దండం పెట్టి తప్పుకోవాలి అని ఒట్టు పెట్టుకున్నాను.

అందుకే వాళ్ళకంటే గంట ముందు, ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను. చెబితే యాదగిరి ఒప్పుకోడు. పేరు మాత్రం శనివారమే ఇచ్చేశాను. పిలిచి, పలక్కపోతే ఇంకోసారి పిలిచి పోతారులే అనుకున్నాను. పేరిచ్చి రానివాణ్ణి ఈ రెండేళ్ళలో చూడలేదు గనక, అప్పుడేం చేస్తారో నాకు తెలియదు.

ఆటోలో సుచిత్ర చౌరస్తా చేరేసరికి నాలుగు దాటింది. కామారెడ్డి పోయే బస్సు దొరికింది. ఆడవాళ్ళకు టికెట్ లేదు గనక, ఆ బస్సులో కండక్టర్ జేబులో చెయ్యి పెట్టించింది నాతో కలిపి నలుగురితోనే. పక్క సీటులో ఖాళీ సంచులు ఒళ్ళో పెట్టుకున్న ఒక అవ్వ నా ఊగే కాళ్ళ వైపు చూసింది.

"ఏడికి బిడ్డా?"

"అత్వెల్లి అవ్వా. ఆడ్నించి శామీర్‌పేటకు ఉరుకుత."

"బస్సు లేదా?"

"ఉంది."

"మరి?"

అత్వెల్లి వస్తోందని లేచి డ్రైవర్ దగ్గరకు పోయాను.

అత్వెల్లిలో ఆ బస్సుకు స్టాపు లేదు. "ఉరకనీకి వోతున్న సార్," అంటే డ్రైవర్ జాలిపడి ఆపాడు. చేతి వాచీలో టైము నాలుగూ నలభై. ఫోను ఇంట్లోనే వదిలేశాను, జేబులో ఎగురుతుంటే నాకు చిరాకు. చేతి రుమాల్లో బస్సు డబ్బులు ముడేసుకుని కదిలాను.

మీలో ఎవరైనా ఈ దారిన పోదలిస్తే చెబుతున్నాను: మేడ్చల్ దాకా హైవే, లారీలు, ఎడమ అంచు వదలకండి. మేడ్చల్ దాటి శామీర్‌పేట వైపు తిరిగాక లారీలు తగ్గుతాయి, కుక్కలు పెరుగుతాయి. కుక్కలతో పేచీ లేదు, నా వేగం చూసి అవి కూడా మధ్యలో విసుగుపుట్టి ఆగిపోతాయి. చలి మోకాళ్ళలో దూరింది. వెనక ఆటో మూలుగు లేదు. రెండేళ్ళలో మొదటిసారి నా అడుగుల చప్పుడు నేను విన్నాను. విని మురవాల్సింది పోయి, నిమిషానికోసారి వెనక్కి చూస్తూనే ఉన్నాను.

నా లెక్క ప్రకారం ఏడయ్యేలోపు లేత్ కుర్రాళ్ళు నన్ను దాటిపోవాలి. దాటలేదు. ఔటర్ రింగు రోడ్డు కింద నుంచి పోయేటప్పటికి తెల్లారింది. అప్పటికీ దాటలేదు. అంటే నేను అంత జోరు మీదున్నానా అనుకుని ఛాతీ విరుచుకున్నాను. అలా విరుచుకునే ఏడుంబావుకు కట్ట ఎక్కాను.

కట్ట మీద ముత్తమ్మ ఒక్కతే ఉంది. రాత్రి వలల్లో పడిన చేపలు పొద్దున్నే తట్టలో పెట్టుకుని అమ్ముతుంది. మమ్మల్నందరినీ ఎరుగును.

"ఏమన్నా, ఒక్కనివే వచ్చినవ్? కడమోళ్ళేరి?"

"ఎన్క వస్తున్నరక్కా."

"ఎవరెన్క? నీ ఎన్కనా?" అని ఎంత నవ్విందంటే, చేతిలో తోముతున్న రవ్వ చేప జారి కింద పడింది.

ఏడున్నర అయింది. కట్ట ఈ చివరికీ ఆ చివరికీ నడిచాను. కట్ట దిగి చాయ్ తాగాను. మళ్ళీ నడిచాను. "కూసోవయ్యా, నిన్ను జూస్తే నాకే కాళ్ళు గుంజుతున్నయ్," అంది ముత్తమ్మ. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. రోడ్డు మలుపులో ఏ తల కనబడినా మాదేనేమో అని లేచేవాణ్ణి. హైవే మీది లారీలు గుర్తొచ్చాయి. పదహారు కిలోమీటర్లు వచ్చిన ఒంటికి ఆకలి వెయ్యాలి కదా, ఆ ఊసే లేదు. ఒక్కరు కనబడితే చాలు అనిపించింది. రెండేళ్ళుగా ఈ కట్ట మీద నా కోసం నిలబడిన మొహాల్లో నేను చూసింది ఆకలి కాదేమోనని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

ముత్తమ్మ ఫోను అడిగాను. నాకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే, అంజమ్మది.

"ఏడ సచ్చినవయ్యా!" అని అరిచింది. "ఆరింటి నించి యాదగిరన్న నీ ఫోనుకు చేస్తనే ఉన్నడు. మూడున్నరకే వోయిండని జెప్పిన. వాళ్ళంత అత్వెల్లిలనే ఉన్నరు, నీ కోసం హైవే అంత దేవులాడుతున్నరు!"

"వాళ్ళింకా ఉరకలేదా?"

"నువ్వు లేకుండ ఎట్ల ఉరుకుతరు? నీ పేరున్నది గదా!"

శామీర్‌పేటలో ఉన్నానని, ఈ నంబరు యాదగిరికి ఇవ్వమని చెప్పి కట్ట మీద కూలబడ్డాను. ఎవరినీ నిలబెట్టకూడదని వచ్చినవాణ్ణి, పదిహేనుమందిని రెండు గంటలు రోడ్డు మీద నిలబెట్టాను. ఇన్నాళ్ళూ ఇడ్లీల దగ్గరే ఆపేవాణ్ణి, ఈసారి అడుగే వెయ్యనివ్వలేదు.

అయిదు నిమిషాల్లో ముత్తమ్మ ఫోను మోగింది. యాదగిరి. తిడతాడని కళ్ళు మూసుకున్నాను. హాజరు పిలిచే గొంతుతో, "సత్తయ్యా!" అన్నాడు.

"ఉన్న అన్నా."

వెనక పదిహేనుమంది ఒక్కసారే ఏదో అన్నారు, అర్థం కాలేదు. "హాజరు పూరా అయింది. ఇగ ఉరకుండ్రి," అన్నాడు యాదగిరి, నాతో కాదు. ఫోను పెట్టేశాడు.

వాళ్ళు వచ్చేదాకా కూర్చోవచ్చు. కూర్చోగలిగితే నేను బడిలోనే ఉండేవాణ్ణి. ఎనిమిదింబావుకు మళ్ళీ వచ్చిన దారినే, వాళ్ళకు ఎదురు బయలుదేరాను. పరుగు కాదు, నడక కాదు, రెంటికీ మధ్య ఏదో.

అయిదు కిలోమీటర్లు పోయాక లేత్ కుర్రాళ్ళు ఎదురయ్యారు. "ఏందన్నా, ఫస్టొచ్చి చాలలేదా, తిరిగి పోతున్నవ్?" అని ఒకడు నా వీపు మీద చరిచిపోయాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ. షుగర్ పెద్దాయన ఆగకుండానే జేబు తట్టి చూపించి, "నీ పుణ్యాన పాకెట్ మొత్తం ఒడిసింది," అన్నాడు. ఒక్కరూ మొహం ముడుచుకోలేదు. ముడుచుకుంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

అందరికంటే వెనక సుభద్ర గారు. భీమవరం ఆవిడ, అరవై దాటాయి, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఇడ్లీలు చేసి డబ్బా నింపేది ఆవిడే. ఆవిడ వెనక ఆటో, మొదటి గేరులో. నేను వెనక్కి తిరిగి ఆవిడ పక్కన కలిశాను.

"ఏవండీ సత్తయ్య గారూ, మీరు ముందెళ్ళిపోతే ఈ ఆటో మూలుగంతా నేను వినాలా?"

"వారం వారం నా కోసం అందరు ఆకలితోని నిలబడుతున్నరు మేడం. సిగ్గైతుంది."

"ఆకలేసేవాళ్ళయితే ఇంట్లో తినే వస్తారు కదండీ. ఆ ఇడ్లీలు చేసేదాన్ని, నాకు తెలీదా? మా ఇంట్లో అవే ఇడ్లీలు చేస్తే మా ఆయన ఒంటరిగా రెండు కూడా తినరు. ఇక్కడ మనిషికి ఆరు."

వెనక నుంచి యాదగిరి తల బయటపెట్టాడు. "మేడ్చల్ దవాఖానకు వోయి మంచం మంచం జూసొచ్చిన నీ కోసం. కాళ్ళిరిగినోళ్ళున్నరు, చేతులిరిగినోళ్ళున్నరు. నువ్వు లేవు. మస్తు ఖుషీ అయింది. బయటికొచ్చినంక కోపమొచ్చింది."

"మాఫ్ చెయ్యన్నా."

"మాఫ్ లేదు ఏం లేదు. ఉరుకు."

పదింబావుకు కట్ట ఎక్కాం. ఆఖరి వంద అడుగులు సుభద్ర గారు నాకంటే ముందున్నారు. నేను మర్యాదకు వెనకబడలేదు, కాళ్ళు నిజంగానే అయిపోయాయి. పద్నాలుగు మంది చప్పట్లు కొట్టారు. ముత్తమ్మ చేపల చేతులతోనే కొట్టింది. ఈసారి అందులో ప్లేట్ల చప్పుడు వినబడలేదు. యాదగిరి డబ్బా మూత తీశాడు. ఇడ్లీలు చల్లారి రాళ్ళయ్యాయి, చట్నీ పులిసింది. నేను తొమ్మిది తిన్నాను.

పదకొండున్నరకు శామీర్‌పేటలో మేడ్చల్ బస్సు ఎక్కాను, మేడ్చల్‌లో సికింద్రాబాద్ పోయేది మారాను. సుచిత్రలో దిగాలి. కిటికీ పక్క సీటు దొరికింది. కొంపల్లి దాకానే గుర్తుంది.

ఎవరో భుజం కదిపారు. "అన్నా, లే. సికింద్రాబాద్ వచ్చింది. ఆఖరోనివి నువ్వే." కండక్టర్. చేతిలో చాయ్ గ్లాసు ఉంది.

బస్సంతా ఖాళీ. "వచ్చి ఎంతసేపైంది?"

"పది నిమిషాలైతుంది. మంచిగ పండుకున్నవని లేపలే. నేను చాయ్ తాగొచ్చిన."

ఇక్కడా నా కోసం ఒక మనిషి ఆగాడు. సీటు కిందికి చూసుకున్నాను. నా కాళ్ళు రెండూ ఊగకుండా, కదలకుండా పక్కపక్కన పడి ఉన్నాయి, ఎవరివో అన్నట్టు.

సుచిత్రకు వెనక్కి ఇంకో బస్సు, అక్కడ్నుంచి ఆటో. ఇల్లు చేరేసరికి రెండు. అంజమ్మ తిట్టే తిట్లు నిలబడి విన్నాను, కూర్చుంటే మళ్ళీ లేవలేనని. ఆవిడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు ఫోను అందుకుని, శనివారం దాకా ఆగకుండా, వచ్చే ఆదివారానికి నా పేరు ఇచ్చేశాను.