ముప్పై ఒక్క సూదులు, మూడు నెలల వేడి

ముందు పోయినవి చెబుతాను. పెళ్లయ్యాక ఆరేళ్లు. నా భార్య సుజాతకు ముప్పై ఒక్క సూదిపోట్లు. నాకు ఒక్కటి, అదీ చివర్లో.

ఏదో తేడా ఉందని నాకు తెలిసింది పక్కింటి శ్రీమంతం రోజున. సూరత్‌లో బమ్రోలిలో ఉంటాం. సుజాత గాజుల పళ్లెం పట్టుకుని లేస్తే ఒక పెద్దమ్మ, "నువ్వు కూసో బిడ్డా" అంది. ఇంటికొచ్చాక సుజాత అన్నం ముట్టలేదు.

అప్పటిదాకా బ్లడ్ టెస్టులు, స్కానింగులు అన్నీ ఆమెకే. అన్నీ నార్మల్. నన్నెవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. కొత్తగా వచ్చిన తెలుగు డాక్టర్ ఫైలంతా తిరగేసి, "అక్కవి పదకొండు రిపోర్టులున్నయి. అన్నవి ఎక్కడ?" అన్నాడు.

సుజాత నా వైపు చూడలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఏప్రిల్ ఆఖర్లో సెమెన్ అనాలిసిస్ చేయించాను. మిల్లీలీటరుకు వీర్యకణాలు కనీసం పదిహేను మిలియన్లు ఉండాలట. నాకు ఆరు. మోటిలిటీ, అంటే వాటి కదలిక, కూడా తక్కువే. హార్మోన్ టెస్టుకు రక్తం తీశారు. అందులో తేడా లేదు.

"ఏం పని చేస్తరు?" అని అడిగాడు డాక్టర్.

"డైయింగ్ మిల్లుల. తడి బట్టను వేడిగాలితో ఆరబెట్టే స్టెంటర్ మిషన్ మీద, పన్నెండు గంటలు."

"వృషణాలు ఒంటికన్నా జర చల్లగుండాలె అన్నా. అందుకే దేవుడు బయట పెట్టిండు. నువ్వు తీస్కపోయి పొయ్యి పక్కన పెట్టినవ్."

సుజాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఏడాదిలో ఆమె నవ్వడం చూసింది అప్పుడే.

మే మొదట్లో మిల్లులోనే బట్ట మడతపెట్టే విభాగానికి, మా మాటలో మడత ఖాతాకు, మారాను. బీడీ మానేశాను. బిగుతు ప్యాంటు పోయి లుంగీ వచ్చింది. రోజూ ఎండ ఎంతో నోటుబుక్కులో ఒక వరుస రాసుకున్నాను. ఇరవై రోజులకే ఆగలేక మళ్లీ టెస్టు చేయిస్తే ఐదు! వేడికీ దీనికీ సంబంధం లేదని తేల్చేసి, స్టెంటర్‌కు తిరిగి వెళ్తానని సూపర్‌వైజర్‌తో చెప్పేశాను.

డాక్టర్ నా నోటుబుక్కు చూసి నవ్వాడు. "లెక్క మంచిగ రాసినవ్ అన్నా, వరుస తప్పింది. ఇయ్యాల కనబడే కౌంట్ దాదాపు మూడు నెలల కింద మొదలైన పని."

నాకు సిగ్గేసింది. మొదట్లో నేను మగ్గం నడిపినవాణ్ణే. ఇవాళ చేతికొచ్చే బట్ట ఎప్పుడో నూలు చుట్టి మగ్గానికి ఎక్కించిన బీముది. ఇంటికెళ్లి ఎండ లెక్కను తొంభై వరుసలు కిందికి జరిపి రాసుకున్నాను. మడత ఖాతాలోనే ఉండిపోయాను.

ఆగస్టులో పదకొండు. డిసెంబరులో పంతొమ్మిది.

"చలికాలంల కొందరికి పెరుగుతది, అందరికి కాదు. ఒక్క రిపోర్టు చూసి ఎగరొద్దు" అన్నాడు డాక్టర్. నేను ఎగరలేదు. ఫిబ్రవరిలో సుజాతకు నెల తప్పినప్పుడు మాత్రం ఎగిరాను.

పాపకిప్పుడు రెండేళ్లు. నా లుంగీ పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది.

నేను చెప్పేది ఒకటే. భార్యకు మొదటి టెస్టు చేయించిన వారమే మీరూ చేయించుకోండి. దానికి సూది కూడా అక్కర్లేదు. ఏదైనా మార్చుకుంటే, పనిచేసిందో లేదో మూడు నెలలు ఆగి చూడండి.

నా ఆలస్యానికి సుజాత తీర్పు చెప్పింది: సూదికో పొద్దు నేను వంట చేయాలి. కాన్పు సూదులు మాఫీ. నా ఒక్క సూదికి ఒక పొద్దు తగ్గించమంటే ఒప్పుకోలేదు. పైగా, "పొయ్యి కాడ ఎక్కువసేపు నిలవడకయ్యా, మళ్ల కౌంట్ పడిపోతది" అని ఎగతాళి.

ఇరవై రెండు పొద్దులు వండాను. రొట్టెలు మాడిన మూడు పొద్దులు లెక్కలోకి రావంది. ఇంకా పన్నెండు బాకీ.